మా ‘వారి’ని అడిగి చెబుతాను!

ఇంగ్లండులో ఫుట్‌బాల్ రిఫరీకి 2019లో పెళ్ళయింది.

అంతకుముందు ఆయన ఒంటిగాడు. చేతిలో ఈల, జేబులో రెండు రంగుల కార్డులు, మణికట్టుకు గడియారం. అదీ ఆయన ఆస్తి. ఈల ఊదాడంటే ఊదినట్టే. ముప్పై వేలమంది లేచి నిలబడి ఆయన పుట్టుపూర్వోత్తరాల గురించి సందేహాలు వెలిబుచ్చినా, కళ్ళజోడు కొనుక్కోమని రాగయుక్తంగా సలహా ఇచ్చినా, విననట్టే నడుచుకుంటూ పోయేవాడు. ఇప్పుడా దర్జా ఏదీ? గోలు పడీ పడగానే చెవిమీద ఒక వేలు ఆనించుకుంటాడు. రెండో చేత్తో అందరినీ ఆగమంటాడు. శూన్యంలోకి చూస్తూ నిలబడతాడు. ఆ ముఖం చూసినప్పుడల్లా నాకు ఒకటే మాట వినిపిస్తుంది: “ఉండండి, మా వారిని అడిగి చెబుతాను.”

ఆ ‘వారు’ మరెవరో కాదు, వీడియో అసిస్టెంట్ రిఫరీ. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో వి.ఎ.ఆర్. ఇక్కడి జనం ఆ మూడింటినీ కలిపి ‘వార్’ అంటారు. చివర ఒక కొమ్ము తగిలిస్తే మన మాటే. మన అమ్మమ్మలు మొగుడి పేరు నోట పలక్కుండా “మా వారు” అనేవారు చూశారూ, అచ్చం అలాగే. మనిషి కనిపించడు, గొంతు వినిపించదు, కాని ఇంట్లో చెల్లేది ఆయన మాటే. (ఈ కాలంలో ఎవరు ఎవరిని అడిగి చెబుతున్నారన్నది వేరే వ్యాసం. అది రాయాలంటే ముందు నేనూ ఇంట్లో అడగాలి.) ప్రీమియర్ లీగ్ పెద్దలు ఈ వారికి పశ్చిమ లండనులో, హీత్రో విమానాశ్రయానికి చేరువగా, స్టాక్లీ పార్కు అనే ఆఫీసుల పేటలో కాపురం పెట్టించారు. ఆట లివర్‌పూల్‌లో జరిగినా, న్యూకాసిల్‌లో జరిగినా ఆ గదిలోంచే ఆజ్ఞ.

దీని మీద నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఈ వారిని మర్యాదగా పంపించెయ్యాలి. పసుపు కుంకుమలు పెట్టి పంపినా సరే.

కాగితం మీద చూస్తే వారి అధికారం కొంచెమే. గోలు, పెనాల్టీ, నేరుగా చూపే ఎర్రకార్డు, ఒకడికి చూపవలసిన కార్డు మరొకడికి చూపడం — ఈ నాలుగు సందర్భాల్లోనే వేలు పెట్టాలి. అదీ స్పష్టంగా, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే పొరపాటు జరిగితేనే. ఇంత ముద్దుగా రాసుకుని, 2018లో ఆట నిబంధనల్లో చేర్చారు. ఆ ఏడాది రష్యాలో ప్రపంచకప్పు, మరుసటి ఏడాది ఇంగ్లండు. అత్తగారు కూడా మొదట వంటింటి గుమ్మం దగ్గరే నిలబడుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో చూసి పోతానంటుంది. ఆ తరువాత సంగతి మీకు నేను చెప్పాలా?

కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే పొరపాటు అన్నారు కదా. 2019 నవంబరు 2న ఆస్టన్ విల్లా మీద లివర్‌పూల్ ఆటగాడు ఫర్మీనో ఒక గోలు కొట్టాడు. రద్దయింది. కారణం? ఆయన చంక ఆఫ్‌సైడులో ఉందట. చంక! తెరమీద గీతలు గీసి, కొలిచి, చంక ఒక్కటి ముందుకు వచ్చినట్టు తేల్చారు. అన్నట్టు, గోలుకు బహువచనం ‘గోళ్ళు’ అని రాస్తే మీరు మరో రకంగా అర్థం చేసుకుంటారు కనుక ‘గోల్సు’ అంటున్నాను. కాని ఇక్కడ జరుగుతున్నది చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. కాలిగోళ్ళు కొలిచి గోల్సు తీసేస్తున్నారు.

కొలతైనా నిజమైన కొలతా? నాకు వచ్చిన లెక్కలు కొద్దిపాటివే గాని, ఇది ఎనిమిదో తరగతి లెక్క. టెలివిజన్ కెమెరా సెకనుకు యాభై బొమ్మలు తీస్తుంది. గట్టిగా పరిగెత్తే ఆటగాడు సెకనుకు ఎనిమిది మీటర్లు పోతాడు. అంటే ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య పదహారు సెంటీమీటర్లు జరిగిపోతాడు. అతన్ని కాపు కాసేవాడు అదే క్షణంలో ఎదురుదిక్కుకు పరిగెత్తితే ఇద్దరి మధ్యా తేడా ముప్పై రెండు సెంటీమీటర్లు, జానెడుకు పైమాటే. బంతి కాలిని వదిలిన క్షణం ఈ బొమ్మదా, ఆ బొమ్మదా అన్నదే తేలని చోట వెంట్రుకవాసి గీత గీసి “ఇదిగో న్యాయం” అన్నారు ఆరేళ్ళపాటు. కొట్లో పాత త్రాసు పెట్టి, బియ్యం తూచే రాళ్ళతో బంగారం తూచినట్టు.

2025 ఏప్రిల్ 12 నుంచి ప్రీమియర్ లీగ్‌లో ఆఫ్‌సైడుకు కొత్త యంత్రం వచ్చింది. దానికి మరిన్ని కళ్ళు ఉన్నాయి, గీత అదే గీస్తుంది. మంచిదే. గీత తొందరగా పడుతుంది, ఎదురుచూపు తగ్గుతుంది. కాని నా పేచీ గీత మందం గురించి మాత్రమే కాదు. ఆఫ్‌సైడు నిబంధన ఎందుకు పుట్టింది? పనీపాటా లేకుండా ఎదుటి జట్టు గోలు ముందు కాపు వేసి, బంతి రాగానే తన్నే సోమరిని అరికట్టడానికి. 1990లో నిబంధన మార్చి, కాపు కాసేవాడికి సమానంగా ఉంటే తప్పు లేదన్నారు. గోల్సు ఎక్కువ పడాలన్నదే అందులోని ఉద్దేశం. ‘సమానం’ అన్నది మనిషి కంటికి ఉన్న మాట. మీరూ నేనూ పక్కపక్కన నిలబడితే సమానంగా నిలబడ్డాం అంటారు గాని, నా ముక్కు మీ ముక్కుకన్నా రెండు నూలుపోగులు ముందుందని ఎవరూ అనరు. యంత్రానికి ‘సమానం’ అన్న మాటే తెలియదు. ఆట మేలు కోరి చేసిన సవరణను యంత్రం తిరగరాసేసింది, ఎవరూ ఓటు వెయ్యకుండానే.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఫుట్‌బాల్‌లో గోలు అరుదు. తొంభై నిమిషాలు అటూ ఇటూ పరిగెత్తితే ఒకటి పడవచ్చు, రెండు పడవచ్చు, బొత్తిగా పడకనూ పోవచ్చు. క్రికెట్‌లో లాగా ఓవరుకొక నాలుగు, పూటకొక వికెట్టు అన్న భరోసా లేదు. ఆ ఒక్క క్షణం కోసమే ఈ దేశంలో మనిషి డిసెంబరు చలిలో, ముక్కు కారుతుండగా, మాంసం కూరిన పై ఒక చేత్తో, వేడి నీళ్ళలో కలిపిన బోవ్రిల్ కప్పు మరో చేత్తో పట్టుకుని కూచుంటాడు. ఆ క్షణం రాగానే పై ఎటో, కప్పు ఎటో. పక్కన ఉన్నవాడు ఎవరో తెలియదు, వాణ్ణి వాటేసుకుంటాడు. మామూలుగా ఇంగ్లీషువాడు తన సొంత తమ్ముణ్ణి వాటేసుకోవడానికే నాలుగైదేళ్ళు ఆలోచిస్తాడు. అలాంటివాణ్ణి ముక్కూ మొహం తెలియనివాడి మెడ మీద వాలేట్టు చేసేది ప్రపంచంలో ఒక్క గోలే.

దాన్నీ ఈ వారు వాయిదా వేశారు. ఇప్పుడు గోలు పడితే జనం లేస్తారు, అరవబోతారు, సగంలో ఆగి రిఫరీ చెవివైపు చూస్తారు. చెవిమీద వేలు ఉందా? ఉంది. చతికిలబడతారు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఆ తరువాత “గోలే” అన్నా ఏముంది? తాళికట్టే వేళ పురోహితుడు ఆగి, జాతకాలు మరోసారి చూసుకుని, పావుగంట తరువాత “సరే, కట్టవచ్చు” అంటే మేళగాడు ఏ హుషారుతో వాయిస్తాడు? అక్షింతలన్నీ అప్పటికే చెమటకు చేతికంటుకుపోయి ఉంటాయి.

మా పక్కింటి పెద్దాయన, నలభై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయిన మనిషి, కోపమొస్తే ఇంకో మాట చెబుతాడు. “డబ్బు పెట్టి టికెట్టు కొన్నది నేను. రైలెక్కి వెళ్ళింది నేను. వానలో తడిసింది నేను. గోలు ఎందుకు పోయిందో నాకంటే ముందు తెలిసింది ఇంట్లో సోఫాలో పడుకున్న మా బావమరిదికి. వాడు ఫోను చేసి చెబితే నాకు తెలిసింది.” ఇందులో అతిశయోక్తి లేదు. టెలివిజన్ ముందున్నవాడికి అన్ని కోణాల బొమ్మలూ, గీతలూ, వ్యాఖ్యానాలూ. స్టేడియంలో ఉన్నవాడికి తెర మీద ‘పరిశీలిస్తున్నాం’ అన్న ముక్క. 2019లో ఈ తంతు మొదలైనప్పుడు ఆన్‌ఫీల్డ్‌లోనూ, ఓల్డ్ ట్రఫర్డ్‌లోనూ ఆ ముక్క చూపడానికి పెద్ద తెరలే లేవు. రిఫరీ మైకు పట్టుకుని నిర్ణయం జనానికి చెప్పడమన్నది ఇంగ్లండులో 2025 జనవరిలో, లీగ్ కప్ సెమీఫైనల్లో గాని జరగలేదు. అంటే అయిదున్నరేళ్ళు కోర్టు నడిపి, ఆ తరువాత తీర్పు చదివి వినిపించడం మొదలుపెట్టారన్నమాట.

న్యూకాసిల్ నుంచి బోర్న్‌మత్‌కు పోటీ చూడటానికి పోవాలంటే పోనూ మూడువందల యాభై మైళ్ళు, రానూ అంతే. అలా పోయేవాళ్ళ జేబు చూసి, పరాయి ఊరి జట్టు అభిమానుల టికెట్టు ముప్పై పౌన్లు దాటకూడదని 2016లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు కట్టడి చేసుకున్నాయి. ఆ ఒక్క పనికి వాళ్ళకు నమస్కారం. కాని టికెట్టు ధర తగ్గించి, టికెట్టు దేనికోసం కొంటామో దాన్ని తీసేస్తే ఏం లాభం?

క్రికెట్‌లో ఇలాంటిదే ఉంది కదా, మన వాళ్ళెవరూ ఏడవడం లేదే అని మీరు అడుగుతారు. నిజమే, హైదరాబాదునుంచి మా మేనల్లుడూ అదే అడిగాడు. క్రికెట్ ఆగి ఆగి సాగే ఆట. బంతికీ బంతికీ మధ్య మనం టీ కలుపుకోవచ్చు. అనుమానం వచ్చిన జట్టే అప్పీలు చేస్తుంది. ఇన్నిసార్లే అని లెక్క ఉంది. తెర అందరికీ కనిపిస్తుంది, మూడో అంపైరు మాటలు మనం వింటాం. తీర్పు వచ్చేదాకా స్టేడియం మొత్తానికి అదొక నాటకం. ఫుట్‌బాల్ ఏరు లాంటిది. ఆగితే ఏరు కాదు, చెరువు.

తప్పులు తగ్గలేదా అంటే, తగ్గాయనే ప్రీమియర్ లీగ్ వారి లెక్క. ముఖ్యమైన నిర్ణయాల్లో సరైనవి వందకు ఎనభై రెండు ఉండేవట, తొంభై ఆరయ్యాయట. కాని సరైనదేదో నిర్ణయించడానికి మళ్ళీ నలుగురు మనుషులు కూచోవాలి కదా. చెయ్యి తగిలిందా లేదా అన్నది కెమెరా చెబుతుంది. కావాలని తగిలించాడా, ఎగిరే మనిషి చెయ్యి ఎక్కడ ఉండాలి అన్నది ఏ కెమెరా చెబుతుంది? దీనికి భయపడి ఇప్పుడు కాపు కాసే ఆటగాళ్ళు చేతులు వీపు వెనక కట్టుకుని తిరుగుతున్నారు, పెళ్ళిపందిట్లో పెత్తనం చేసే మేనమామల్లాగ. చేతిబంతి నిబంధనను 2019లో ఒకసారి బిగించారు, 2021లో ఒకసారి సడలించారు. రిఫరీని సరిదిద్దడానికి వచ్చిన యంత్రం కోసం ఆటనే సరిదిద్దుకుంటూ పోతున్నారు.

తప్పు పోలేదండీ, ఇల్లు మారింది. అంతే. 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోలు కొట్టాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడన్నాడు. గదిలో వారు చూశారు. ఆఫ్‌సైడు కాదు, శుభ్రమైన గోలు. ఇక్కడిదాకా యంత్రం తన పని తాను చేసింది. కాని గదిలో ఉన్నాయన, మైదానంలో గోలు ఇచ్చేశారని అనుకున్నాడు. “పరిశీలన అయిపోయింది” అన్నాడు. రిఫరీ దానికి అర్థం ‘ఆఫ్‌సైడే’ అనుకున్నాడు. ఆట మొదలైపోయింది. గదిలో మరొకాయన కంగారుపడ్డాడు, అయ్యో అన్నాడు. ఆట ఆపడానికి నిబంధన ఒప్పుకోదని, ఇక చేసేదేమీ లేదని వారు తీర్మానించారు. తరువాత ఆ సంభాషణ బయటపెట్టారు. దేశమంతా విన్నది. వంట మాడిపోతుంటే నలుగురు వంటవాళ్ళు “నువ్వు దించావనుకున్నా” “నువ్వు దించావనుకున్నా” అనుకోవడం మన పెళ్ళిళ్ళలోనూ ఉంది గాని, వాళ్ళకు ఇన్ని కెమెరాలు లేవు. లివర్‌పూల్ 2-1 తేడాతో ఓడింది. రిఫరీల సంస్థ మానవ తప్పిదమని ఒప్పుకుంది. మానవ తప్పిదాన్ని పోగొట్టడానికే కదా మానవుణ్ణి గదిలో పెట్టింది!

మాటవరసకు అదే తప్పు జెండా పట్టుకున్న లైన్స్‌మన్ ఒక్కడే చేసి ఉంటే? పరుగెత్తే మనిషి, కన్ను తప్పింది, ఒక వారం తిట్టుకుని ఊరుకునేవారు. ఎయిర్ కండిషన్ గదిలో కూచుని, మళ్ళీ మళ్ళీ చూసి, తప్పుచేసినవాణ్ణి ఎవరూ క్షమించరు. పరిగెత్తేవాడి తప్పు వేరు, కూచున్నవాడి తప్పు వేరు.

ఈ దేశం రిఫరీల తప్పులతోనే బతికింది. 1966 జూలై 30న వెంబ్లీలో ప్రపంచకప్పు ఫైనల్. అదనపు సమయంలో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి పైకర్రకు తగిలి నేలమీద పడి బయటికి దూకింది. గీత దాటిందా? స్విస్ రిఫరీ డీన్‌స్ట్ పరిగెత్తుకుని వెళ్ళి సోవియట్ లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్‌ను అడిగాడు. దాటిందన్నాడాయన. ఇంగ్లండు 4-2తో గెలిచింది. బాకూ నగరంలోని పెద్ద స్టేడియానికి ఇప్పుడు ఆ లైన్స్‌మన్ పేరే. జర్మన్లు ఇప్పటికీ అలాంటి గోలును ‘వెంబ్లీ గోలు’ అంటారు, ముఖం మాడ్చుకుని. అరవై ఏళ్ళు కావస్తున్నా ఆ బంతి దాటిందో లేదో తేలలేదు. తేలకపోవడం వల్ల ఎంతమందికి ఎన్ని సాయంత్రాలు గడిచాయి!

1986 జూన్ 22న దెబ్బకు దెబ్బ తగిలింది. మెక్సికోలో మరడోనా చేత్తో గోలు కొట్టాడు, ట్యునీషియా రిఫరీ చూడలేదు, ఇంగ్లండు ఇంటికి వచ్చింది. మా పెద్దాయన ముందు ఆ పేరెత్తితే ఇప్పటికీ టీ చల్లారిపోతుంది. అయినా నాలుగు నిమిషాల తరువాత అదే మరడోనా సగం జట్టును తప్పించుకుని కొట్టిన రెండో గోలు గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. రెండూ కలిపి ఒక కథ. మొదటిది రద్దు చేసి, ఎడమచేతికి ఒక పసుపు కార్డు చూపి ఉంటే కథ ఉండేదా?

1978లో వేల్సు రిఫరీ క్లైవ్ థామస్, బ్రెజిల్ కొట్టిన కార్నర్ బంతి గాలిలో ఉండగానే ఆట ముగిసిందని ఈల ఊది, జీకో తలతో కొట్టిన గోలును మింగేశాడు. 2006లో ఇంగ్లండు రిఫరీ గ్రాహమ్ పోల్, ప్రపంచకప్పులో ఒకే క్రొయేషియా ఆటగాడికి మూడు పసుపు కార్డులు చూపాడు, రెండోదానికే పంపెయ్యవలసి ఉండగా. ఇవన్నీ ఇక్కడ నోటికి వచ్చిన కథలు. వాతావరణం తరువాత ఇంగ్లీషువాడు కొత్తవాడితో మాట్లాడగలిగిన విషయం రిఫరీ ఒక్కడే. సోమవారం బస్‌స్టాపులో, క్షురకుడి కుర్చీలో, ఆస్పత్రి వరండాలో, “చూశావా ఆ పెనాల్టీ?” అంటే చాలు, మేనేజరూ ప్యూనూ ఒకటయ్యేవారు. ఇప్పుడు వాళ్ళు మాట్లాడుకునేది ఏ గీత ఏ భుజం నుంచి గియ్యాలి, ఏ అధికరణం కింద గది జోక్యం చేసుకోవచ్చు అని. ప్లీడర్ల బార్‌రూములా తయారైంది బస్‌స్టాపు.

యంత్రమంటేనే నాకు పడదని అనుకోవద్దు. 2010లో దక్షిణాఫ్రికాలో జర్మనీ మీద లాంపార్డ్ కొట్టిన బంతి గీతకు గజం దూరం లోపల పడితే, రిఫరీ, లైన్స్‌మన్ ఇద్దరికీ కనిపించలేదు. అది చూసి గోలుగీత దగ్గర కెమెరాల ఏర్పాటు తెచ్చారు. 2013 నుంచి ప్రీమియర్ లీగ్‌లో ఉంది. బంతి దాటితే సెకనులోపు రిఫరీ గడియారం వణుకుతుంది. ఆట ఆగదు, గది లేదు, గోష్ఠి లేదు. దాటిందా, లేదా అన్నది వాస్తవం. దానికి యంత్రమే సరి. తోశాడా, పడ్డట్టు నటించాడా అన్నది అభిప్రాయం. దానికి మనిషే సరి. పాలలో నీళ్ళెన్నో చెప్పడానికి పరికరం పెట్టుకుంటాం. కాఫీ బాగుందో లేదో చెప్పడానికి పెట్టుకోం.

ఆ యంత్రమూ నిద్రపోయిన రోజుంది. 2020 జూన్ 17న విల్లా గోలీ బంతిని పొట్టకు హత్తుకుని గీత దాటి లోపలికి వెళ్ళిపోయాడు. గడియారం వణకలేదు. కెమెరాలకు ఆటగాళ్ళు అడ్డం వచ్చారట. షెఫీల్డ్ యునైటెడ్‌కు దక్కవలసిన గోలు పోయి, ఆట 0-0. అప్పుడైనా గదిలో వారు లేచి చెప్పాలా? చెప్పలేదు. మామూలు కళ్ళున్న ప్రతివాడికీ కనిపించినది వారికి కనిపించలేదు. ఆ సీజను చివర విల్లా ఒక్కటంటే ఒక్క పాయింటుతో పైన నిలిచింది, బోర్న్‌మత్ కింది తరగతికి పోయింది. చంక కొలిచిన ఘనులు వీరే సుమండీ.

మా మేనల్లుడి దగ్గర ఇంకో అస్త్రం ఉంది. 2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో మన దేశం ఆడిన పోటీ. మనం ఒక గోలు ముందున్నాం. బంతి గోలుపోస్టు పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. దాన్ని వెనక్కి లాగి ఖతార్ వాళ్ళు గోలు కొట్టారు. రిఫరీ ఇచ్చేశాడు. వి.ఎ.ఆర్. లేదు. 2-1తో ఓడి, ప్రపంచకప్పు అర్హత పోటీల నుంచి బయటికి వచ్చాం. “వారు ఉంటే బాగుండేది కదా మామయ్యా?” అంటాడు. ఆ రోజు నాకూ కడుపు రగిలిపోయింది. అయితే అది గీత సంగతి. గీత యంత్రానికి ఇవ్వమంటున్నాను కదా, ఈ గీతా ఇవ్వండి, ఆ గీతా ఇవ్వండి, మైదానం చుట్టూ ఇవ్వండి. ఒక దొంగను పట్టుకోవడానికి ఊరంతా కర్ఫ్యూ పెట్టకండి, అంతే నేననేది.

వీటన్నింటికంటె నన్ను బాధపెట్టేది మరొకటి. ఆదివారం పొద్దున పార్కుల్లో పిల్లల పోటీలు జరుగుతాయి. కాసిని పౌన్లకు ఈల పట్టే పదహారేళ్ళ కుర్రాళ్ళు, ఉద్యోగం విరమించిన మేష్టార్లు అక్కడ రిఫరీలు. వాళ్ళను తల్లిదండ్రులు తిట్టే తిట్లు, కొన్నిచోట్ల కొట్టే దెబ్బలు భరించలేక, 2023 ఫిబ్రవరిలో మిడిల్స్‌బ్రో ప్రాంతంలో ఇలాంటి చిన్న స్థాయి పెద్దల లీగులో రిఫరీల ఛాతీకి కెమెరాలు కట్టి ప్రయోగం మొదలుపెట్టింది ఫుట్‌బాల్ అసోసియేషన్. పోలీసులకు కట్టినట్టు! పై స్థాయిలో తప్పులు పోతే రిఫరీ మీద కోపం తగ్గుతుందని అన్నారు వారిని తెచ్చేటప్పుడు. జరిగింది వేరు. ప్రతి నిర్ణయాన్నీ నెమ్మదిగా, పెద్దదిగా, పదిసార్లు చూపించి, తప్పు అన్నది మహాపాపమని జనానికి నేర్పాం. టెలివిజన్‌లో అలా చూసిన తండ్రి, పార్కులో ఈల పట్టుకున్న కుర్రవాడి కన్ను కూడా కెమెరాలా ఉండాలనుకుంటున్నాడు. వాడికి గది లేదు, గీతలు లేవు. ఉన్నదల్లా బురద పూసుకున్న బూట్లు.

కెన్ ఆస్టన్ అని ఒక మేష్టారు ఉండేవారు, రిఫరీ కూడా. 1966లో అర్జెంటీనా ఆటగాణ్ణి బయటికి పంపారో లేదో మైదానంలో ఎవరికీ అర్థం కాక గందరగోళమైంది. ఆయన కారు నడుపుకుంటూ పోతూ, రోడ్డు కూడలిలో దీపాలు మారడం చూసి, పసుపు కార్డు, ఎర్ర కార్డు ఊహించారు. 1970 ప్రపంచకప్పులో వాడుకలోకి వచ్చాయి. భాష అక్కర్లేదు, వైర్లు అక్కర్లేదు, చిట్టచివరి వరసలో కూచున్నవాడికీ తక్షణం తెలుస్తుంది. సంస్కరణ అంటే అదీ. జనానికి ఎక్కువ తెలిసేట్టు చేసింది. ఇప్పటిది తక్కువ తెలిసేట్టు చేసింది.

మరి ఇంతమందికి ఇష్టం లేనప్పుడు తీసెయ్యరేం? వుల్వ్స్ క్లబ్బు ఆ ముక్కే అడిగింది. 2024 జూన్ 6న ప్రీమియర్ లీగ్ క్లబ్బుల సమావేశంలో ఓటింగు పెట్టారు. తీసెయ్యాలన్నది ఒక్క వుల్వ్స్. వద్దన్నవి పందొమ్మిది. ఓటు వేసింది యజమానులు కదా, వానలో తడిసేవాళ్ళు కాదు. తడిసేవాళ్ళకు ఓటున్న చోట ఏం జరుగుతుందో స్వీడనులో చూడండి. అక్కడ క్లబ్బుల్లో సగానికి పైగా అధికారం సభ్యులదే. వాళ్ళు కూడబలుక్కుని వద్దన్నారు, 2024లో ఆ దేశం వి.ఎ.ఆర్. తీసుకోరాదని నిర్ణయించుకుంది. రిఫరీలు తప్పులు చేస్తున్నారు, జనం తిడుతున్నారు, గోలు పడితే గోలు పడినట్టే ఎగురుతున్నారు.

పొరుగున ఉన్న నార్వేలో 2023లో వారిని ఇంటికి తెచ్చుకున్నారు. 2024 జూలైలో రోజెన్‌బోర్గ్, లిల్లెస్ట్రోమ్ జట్ల పోటీలో ప్రేక్షకులు నిరసనగా టెన్నిసు బంతులూ, చేపల వడలూ మైదానంలోకి విసిరారు. ఏరి పారేసి ఆట మొదలుపెడితే మళ్ళీ విసిరారు. చివరకు పోటీయే ఆపెయ్యవలసి వచ్చింది. 2025 జనవరిలో అక్కడి క్లబ్బులు దీన్ని తీసెయ్యమన్నాయి గాని, మార్చిలో జరిగిన సమాఖ్య సభ ఉంచుకుందామంది.

ఇంగ్లండులో ఇంకా ఎవరూ చేపలు విసరలేదు. రిఫరీ చెవిమీద వేలు పెట్టగానే, ఇది ఫుట్‌బాలే కాదు పొమ్మని రెండు జట్ల అభిమానులూ కలిసి పాడుతున్నారు. విసరరేమని మా పెద్దాయన్ను అడిగాను. ఆయన నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూసి, చేపముక్కా బంగాళాదుంప వేపుడూ ఒక పొట్లం ఇప్పుడు ఎంత పెట్టి అమ్ముతున్నారో నీకు తెలుసునా అన్నాడు.